వేటగాని ఋణం

వేటగానికి మృగాలపై ప్రేమ ఉంటుందంటే వినేవారు నవ్వుతారు. ప్రేమించినవాడు చంపుతాడా, చంపినవాడు ప్రేమించినట్లా అని అడుగుతారు. ప్రశ్న సహజమైనదే. అయినా అడవులను గూర్చి, అడవి మృగాలను గూర్చి ఆర్ద్రంగా వ్రాసినవారిలో వేటగాండ్రు పలువురున్నారు. నశించిపోతున్న మృగజాతులను కాపాడవలెనని మొదట గొంతెత్తినవారిలోనూ తుపాకి పట్టినవారున్నారు. వీరందరూ కపటులని త్రోసివేయడం తేలిక. కాని అట్లా త్రోసివేస్తే మానవ హృదయాన్ని గూర్చి తెలిసికొనదగిన విషయమొకటి మన చేజారిపోతుంది.

ఈ చిక్కు మన సాహిత్యానికి క్రొత్తది కాదు. రాజనీతిజ్ఞులు వేటను సప్తవ్యసనాలలో చేర్చినారు. రాజులు వేట మానలేదు. కవులు వేటను వర్ణించడమూ మానలేదు. కాళిదాసు అభిజ్ఞానశాకుంతలంలో రెండు పక్షాలనూ ఒక్కచోటనే నిలిపినాడు. ప్రథమాంకంలో దుష్యంతుడు జింకను తరుముకొంటూ వచ్చి బాణం సంధిస్తాడు. అది ఆశ్రమమృగం, చంపరాదని తాపసులు అడ్డుపడతారు. రాజు మారుమాటాడక బాణాన్ని ఉపసంహరిస్తాడు. ద్వితీయాంకంలో సేనాపతి వేటను మెచ్చుకొని, దానిని వ్యసనమనడమే పొరపాటని వాదిస్తాడు. రాజుకు మాత్రం అప్పటికి మనస్సు మారిపోయింది. శకుంతలతో కలిసి పెరిగిన మృగాల చూపులో ఆమె చూపు కనిపించిన తరువాత విల్లు ఎక్కుపెట్టడానికి అతనికి చేతులాడలేదు. ఒక జింకను నియమం కాపాడింది. తక్కిన జింకలను అనురాగం కాపాడింది. వేటగాని చేతిని ఆపగల శక్తులు ఈ రెండేనని కవి సూచించినట్లున్నది.

భారతం ఇంకొక మెట్టు లోతుకు దిగింది. పాండురాజు వేటకు పోయి, జతగూడియున్న లేళ్ళ జంటను బాణాలతో కొట్టినాడు. మగలేడి రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. ముని నిందించినప్పుడు రాజు తన పక్షం చెప్పుకొన్నాడు. మృగాలను వధించడం రాజులకు చెల్లినదేననీ, అగస్త్యుడంతటివాడు కూడా వేటాడినాడనీ వాదించినాడు. దానికి ముని ఇచ్చిన సమాధానం గమనింపదగినది. మృగాన్ని చంపినందుకు రాజును తాను తప్పుపట్టడం లేదనీ, జంట విడిపోయేదాకా వేచియుండకపోవడమే క్రూరకర్మ అనీ ఆయన అన్నాడు. అంటే ఆ ముని శాపానికి కారణం వేట కాదు. వేటలో హద్దు తప్పడం. వాల్మీకి శోకం శ్లోకమైనది కూడా జంటలో ఒక క్రౌంచాన్ని నిషాదుడు కూల్చినప్పుడే కదా.

దశరథుని కథలోనూ ఇదే సూత్రం కన్పట్టుతుంది. చీకటిలో నీటి చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుతున్నదనుకొని, ఆయన శబ్దవేధి బాణం విడిచినాడు. అది మునికుమారునికి తగిలింది. కంటికి స్పష్టంగా కనిపించనిదానిపై గుండు విడువరాదన్నది నేటికీ తుపాకి పట్టేవానికి నేర్పే మొదటి పాఠాలలో ఒకటి. దశరథుని నేర్పే ఆయనకు పాశమైనది. చూడకుండ కొట్టగలనన్న గర్వం లేకపోతే ఆ పాపం ఆయనకు అంటేది కాదు.

ఈ కథలన్నీ వేట ఒప్పా తప్పా అన్న ప్రశ్నను ప్రక్కన నిలిపి, వేటగాడు ఎక్కడ ఆగినాడు అన్న ప్రశ్నను ముందుకు తెస్తున్నవి. వేటగాని ప్రేమ నిజమైనదా కాదా అని పరీక్షించడానికి ఇంతకన్న మంచి గీటురాయి లేదు. ఆ గీటురాయిపై మనకు సమీపకాలపు వేటగాడొకనిని గీచి చూద్దాము.

జిమ్ కార్బెట్ 1875లో నైనీతాల్‌లో జన్మించినాడు. బాల్యమంతా కుమావూఁ కొండల అడుగున ఉన్న అడవులలో గడిచింది. పిట్టల కూతలను, జింకల అరుపులను, నేలపై జాడలను చదవడం అక్షరాలతోపాటు నేర్చుకొన్నాడు. చాలకాలం బీహారులోని మొకామా ఘాట్‌లో రైల్వే సరకుల రవాణా పని చూసినాడు. మనుష్యులను తినమరగిన పులులను చంపడానికి అతనిని పిలిచేవారు. 1907లో చంపావత్ ప్రాంతంలో అతడు చంపిన ఆడపులి, నేపాలులోనూ కుమావూఁలోనూ కలిపి 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపి, కేదార బదరీ యాత్రికులకు ఎనిమిదేండ్ల భయం తీర్చినాడు. 1944లో అచ్చయిన అతని మొదటి ప్రసిద్ధ గ్రంథం ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూఁ’ దేశదేశాలలో చదువరులను సంపాదించుకొన్నది.

ఆ గ్రంథం చదివినవారికి ఆశ్చర్యం కలిగించేది పులిపై అతనికి గల గౌరవం. పులి స్వభావం చేత క్రూరమైనది కాదనీ, గాయాలో ముసలితనమో దానిని సహజమైన ఆహారానికి దూరం చేసినప్పుడే మనుష్యుల జోలికి వస్తుందనీ అతడు మరల మరల చెప్పినాడు. చంపావత్ పులి నోరు తెరచి చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగియున్నవి. పైకోర సగానికి, క్రిందికోర ఎముకదాకా పోయినది. పూర్వమెవరో కాల్చిన తుపాకిదెబ్బే దానికి కారణమని కార్బెట్ వ్రాసినాడు. గురి తప్పిన ఒక గుండు, గాయపడిన మృగాన్ని వెంబడించక ఇంటికి మరలిపోయిన ఒక వేటగాడు. ఆ తరువాత 436 ప్రాణాలు. గాయపడిన మృగాన్ని విడిచిపోరాదన్న నియమం పెద్దమనుషుల మర్యాద కోసం పుట్టినది కాదని ఇంతకన్న గట్టిగా చెప్పే సాక్ష్యం వేరొకటి అక్కరలేదు.

మోహన్ అనే గ్రామం వద్ద అతడు మరొక నరభక్షక వ్యాఘ్రాన్ని వెదకుతూ పోగా, అది నిద్రపోతూ కనిపించింది. నిద్రలో ఉన్నదానినే కాల్చి చంపినాడు. అట్లా చంపడం న్యాయమేనని చెప్పడానికి కావలసిన కారణాలన్నీ అతడు ఎత్తి చూపినాడు. అది లేచి తప్పించుకొంటే మరికొందరి ప్రాణాలు పోయేవి. మనుష్యులను తినేదానితో మర్యాద యుద్ధమేమిటి? కారణాలలో లోపమేమీ లేదు. అయినా, దానిని లేపి ఒక అవకాశమియ్యలేదే అన్న వెలితి తనకు మిగిలిపోయిందని దాపరికం లేకుండ వ్రాసినాడు.

ఇక్కడ మనం ఒక్కక్షణం ఆగవలసియున్నది. కారణాలన్నీ సరిపోయిన తరువాత కూడా ఆ వెలితి ఎందుకు మిగిలింది? వాదం బుద్ధికి సమాధానం చెప్పింది. ఆ పులి అడుగుజాడలను రోజులతరబడి చదివి, దాని అలవాట్లనెరిగి, దాని మనస్సుతో ఆలోచించిన మరొక భాగం అతనిలో ఉన్నది. దానికి ఆ వాదం చాలలేదు. వేటగాడు మృగాన్ని ఎరిగినంతగా మేడమీదినుండి చూసి ముచ్చటపడేవాడు ఎరుగడు. ఎరుక పెరిగిన కొలది చనువు పెరుగుతుంది. చనువున్న చోట బాధ తప్పదు. వేటగాని ప్రేమ అని మనమనుకొనేది చాలవరకు ఈ ఎరుకే.

కార్బెట్ జీవితంలోనే ఈ ప్రేమకూ ఆ చంపడానికీ గల సంబంధాన్ని కంటికి కట్టించే ఘట్టమొకటి కలదు. చౌగఢ్ ప్రాంతంలో 64 మందిని చంపిన పులుల జంటలో పిల్లను, తల్లి అని పొరబడి, అతడు ముందే కాల్చినాడు. తల్లి మిగిలింది. 1930 ఏప్రిల్‌లో దానికోసం ఒక వాగులోనికి దిగుతూ, నేలమీద గ్రుడ్లు పెట్టే ఒక రాత్రిపక్షి గ్రుడ్లు రెండింటిని చూసి, తన సేకరణకోసం ఎడమచేతిలోనికి తీసికొన్నాడు. ఒక పెద్దబండను చుట్టి మెల్లగా తల త్రిప్పేసరికి ఎనిమిదడుగుల దూరంలో పులి ముఖాముఖిగా పొంచియున్నది. ఒక చేతిలో గ్రుడ్లు, ఒక చేతిలో తుపాకి. గ్రుడ్లు చేతిలో ఉండబట్టే తొందరపాటు కదలిక లేకపోయింది. తుపాకిని అంగుళమంగుళంగా ఒంటిచేతితో త్రిప్పి కాల్చినాడు. పులి కూలింది. ఆ తరువాత అతడు వెనుకకు పోయి ఆ గ్రుడ్లను ఉన్నచోటనే పెట్టివచ్చినాడు. కొంతసేపటికి తల్లిపిట్ట వాటిని పొదుగుతూ కనిపించింది.

ఈ సంఘటనను కార్బెట్ పెద్ద తత్త్వంగా చెప్పలేదు. వేటగాండ్రకుండే శకునాల నమ్మకం తనకూ ఉన్నదని చెప్పి ఊరుకొన్నాడు. మనకు మాత్రం దీనిలో ఒక ఋణభావం కనిపిస్తున్నది. ఒక ప్రాణం తీసిన చేయి, తీయనక్కరలేని రెండు ప్రాణాలను తిరిగి అప్పగించింది. ఆ పులిని చంపక తప్పదు. ఆ గ్రుడ్లను తీసికొనక తప్పుతుంది. ఈ రెండింటి భేదం తెలిసినవాడే వేటగాడు. తెలియనివాడు హంతకుడు.

అయితే కార్బెట్‌ను కూడా మనం ఊరక మెచ్చుకోరాదు. ‘పవల్‌గఢ్ బ్రహ్మచారి’ అని పేరుపడిన మగపులి మనుష్యులను తిన్నది కాదు. తన రాజసం చేత, పరిమాణం చేత ప్రసిద్ధికెక్కినది. అదే దాని పాపం. పది సంవత్సరాలు వేటగాండ్రందరికీ కంటిలో మెదలిన ఆ పులిని 1930లో కార్బెట్టే కాల్చినాడు. మొదటి దెబ్బకు అది గాయపడి పొదలలో దూరింది. నియమం తప్పక, ప్రాణాపాయానికి లెక్కచేయక, వెంబడించి చంపినాడు. ఒంటి వంపులమీదుగా కొలిస్తే పది అడుగుల ఏడంగుళాలున్నదట. నియమపాలన నిర్దోషం. కాని ఆ పులి ఎందుకు చావవలసివచ్చింది? ఈ ప్రశ్నకు ఏ నియమమూ సమాధానం చెప్పదు. అందమైనదానిని సొంతం చేసికొనవలెనన్న కోరిక ప్రేమ వేషం వేసికొని వచ్చే చోటు ఇదే. పువ్వును ప్రేమించి త్రుంచేవాని ప్రేమ ఇట్టిదే.

ఈ భేదం అతనికే తరువాత తెలిసివచ్చింది. తుపాకి తగ్గించి కదిలేబొమ్మల కెమెరా చేపట్టినాడు. కెమెరా చప్పుడుకు పులులు బెదరిపోతుంటే, వాగుకు చిన్న చిన్న కట్టలు కట్టించి నీటి హోరులో ఆ చప్పుడు మునిగిపోయేటట్లు చేసి ఓపికతో చిత్రాలు తీసినాడు. పులి చర్మం సంపాదించినవానికే ఆనందమిస్తుంది. చిత్రం చూసినవారందరికీ ఆనందమిస్తుందని అతని భావం. 1936లో భారతదేశపు మొదటి జాతీయవనం ఆ కొండల అడుగున ఏర్పడినప్పుడు దాని వెనుక అతని కృషి ఉన్నది. 1955లో కెన్యాలో అతడు మరణించిన తరువాత ఆ వనానికి అతని పేరే పెట్టినారు.

కెమెరాతో చేసే వేట అసలైన వేట కాదని వాదించినవారూ ఉన్నారు. స్పెయిన్ దేశపు తత్త్వవేత్త ఒర్టెగా యి గాసెట్ 1942లో వేటను గూర్చి ఒక దీర్ఘవ్యాసం వ్రాసినాడు. చంపడం వేటకు పరమప్రయోజనం కాదని ఒప్పుకొంటూనే, చావు లేని వేట బూటకమని అతడన్నాడు. బుద్ధిబలం గల వాదమే. కాని ఈ వాదంలో మాట్లాడేది వేటగాడొక్కడే. చచ్చే మృగానికి వేట అసలైనదో బూటకమో ఏమి పట్టింది? తన్ను చంపినవాడు తన్ను ప్రేమించినాడని తెలిసినా లేడికి ఓదార్పు లేదు. ఈ సత్యాన్ని దాచి వేటగాని ప్రేమను గూర్చి ఎంత చెప్పినా అది అర్ధసత్యమే.

అడవిలో పుట్టి అడవిపై బ్రతికిన జాతులు ఈ సత్యాన్ని దాచలేదు. ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూట్‌లు ‘సీల్’ అనే సముద్రజంతువును వేటాడి జీవిస్తారు. చంపిన సీల్ నోటిలో మంచినీరు పోయడం వారి పూర్వాచారం. ఉప్పునీటిలో బ్రతికిన జీవికి దాహం తీర్చడమన్నమాట. మన నల్లమల చెంచులు గారెల మైసమ్మను మ్రొక్కి వేటకు పోయి, దొరికినదానిలో ఆమె పాలు ఆమెకు సమర్పించేవారు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడినాడు గనుక ఆయన తమకు బావ అని వారు చెప్పుకొంటారు. సింహరూపుడైన దేవుడు చుట్టమైన అడవిలో మృగం పరాయిది కాదు. ఈ ఆచారాలు చంపినదానిని లేదనిపించవు. తీసికొన్నది తమది కాదని, అడిగి తీసికొన్నామని, బదులు ఏదో ఇయ్యవలెనని చెబుతున్నవి. ఋణమని నేనన్నది దీనినే.

ఋణం తీర్చడానికి ఆధునికులు మరొక మార్గం త్రొక్కినారు. అమెరికాలో 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. రైఫిళ్ళమీద, తూటాలమీద వసూలయ్యే 11 శాతం పన్ను మృగసంరక్షణకు, వాటి నివాసస్థలాల పునరుద్ధరణకు వినియోగిస్తారు. వేటగాండ్రే దీనిని సమర్థించినారు. అదే దేశపువాడైన ఆల్డో లియోపోల్డ్ కథ ఇంకా మర్మస్పర్శి. 1909లో అతడు అటవీశాఖలో చేరిన యువకుడు. తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతవని, అది వేటగాండ్రకు స్వర్గమవుతుందని నమ్మినవాడు. ఒకనాడు కొండమీదినుండి తోడేళ్ళ గుంపుపై కాల్పులు జరిపి, క్రిందికి దిగేసరికి తల్లి తోడేలు కొనప్రాణంతో ఉన్నది. దాని కన్నులలో ఒక పచ్చని వెలుగు ఆరిపోవడం చూసినాడు. ఆ చూపు అతనిని విడువలేదు. తోడేళ్ళు నశించిన కొండలలో జింకలు మితిమీరి పెరిగి, చిగురు మిగలకుండ మేసి, తుదకు తామే ఆకలితో చావడం తరువాత చూసినాడు. ఈ అనుభవం అతని మరణానంతరం 1949లో వెలువడిన గ్రంథంలో ఉన్నది. లియోపోల్డ్ వేట మానలేదు. కాని వేటగానికి మృగంతోనే గాక అడవి అంతటితోనూ బాధ్యత ఉన్నదని బోధించినాడు.

హద్దు మరచిన వేట ఏమి చేస్తుందో మన దేశమే చూసింది. సంస్థానాధీశులు, తెల్లదొరలు పులులను లెక్కపెట్టి చంపి, ఆ లెక్కలను బిరుదులవలె చెప్పుకొన్నారు. తాము మృగప్రియులమనే వారిలో ఎక్కువమంది అనుకొన్నారు. చీతాలను పెంచి వాటిచేత జింకలను వేటాడించిన రాజులు కూడా ఆ చీతాలపై మక్కువ గలవారే. 1947లో కొరియా సంస్థానంలో మూడు చీతాలను కాల్చినారు; ఈ దేశపు చివరి చీతాలు అవేనని ప్రసిద్ధి. 1952లో ఆ జాతి భారతదేశంలో అంతరించినట్లు ప్రకటించినారు. 2022లో ఆఫ్రికానుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవులలో విడిచిపెట్టినారు. పోయినదానికి బదులు తెచ్చుకొన్నాము, పోయినది రాలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో మొదలైన పులుల సంరక్షణ ప్రణాళిక వేటకు అంతరంగంలో లేకపోయిన హద్దును బయటినుండి గీచినవి. మనసు గీచుకొనని గీతను చట్టం గీయవలసివచ్చింది.

కాబట్టి ప్రేమకూ చంపడానికీ సమన్వయం కుదురుతుందా అని విద్యార్థి అడిగితే, కుదరదనే చెప్పవలె. కుదిరిందని చెప్పే వేటగానిని నమ్మరాదు. కుదరలేదని తెలిసి, ఆ బరువు మోస్తూ, హద్దులో నిలిచి, తీసికొన్నదానికి బదులు అడవికి ఏదో ఇచ్చే వేటగానిలో మాత్రం ప్రేమ ఉన్నదని ఒప్పుకొనవచ్చును. అతని ప్రేమ మాటలో లేదు. విడువని బాణంలో ఉన్నది.

వేటాడని మనకు ఈ విచారణతో పనిలేదనుకోరాదు. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముతూ కౌశికునికి ధర్మం బోధించినాడు. నాగలి చాలు క్రింద నలిగే ప్రాణులను చూపి, హింస లేకుండ బ్రతికేవాడెవడని అడిగినాడు. తాను చంపననీ, ఇతరులు చంపినదానినే అమ్ముతాననీ చెప్పినా, తన వృత్తి ఘోరమైనదని ఒప్పుకొన్నాడు. అంగడిలో మాంసం కొనేవానికి మృగం కన్నులు కనిపించవు. అన్నం తినేవానికి ఆ పొలం ఒకప్పుడు ఏ జింకల మేతబీడో గుర్తురాదు. వేటగానికి తన ఋణం ఎదుట నిలిచి కనిపిస్తుంది. మనది కనిపించదు, అంతే భేదం. ఉపాధ్యాయులు శాకుంతలం మొదటి అంకమో, పాండురాజు కథో చెప్పేనాడు, విల్లు దించిన రాజును చూపి, ఆ కనిపించని ఋణాన్ని కూడా ఒకమాట గుర్తుచేస్తే పాఠం సార్థకమవుతుంది.